పసుపు లెక్క

నీ కొలువేందని ఎవరన్న అడిగితే చెప్పబుద్ధి గాదు.
రోగం అంటించుడు.
వరంగల్ల వరి పరిశోధన జేసే కాడ, నాలుగో నెంబరు వలగూట్ల,
ఏడింటికి హాజరు వలికి
గాజుగొట్టం నోట్ల వెట్టుకుంట.

పచ్చదీపపు పురుగును చేత్తోని వట్టరాదు,
కాలో రెక్కో ఇరుగుతది.
ఊపిరితోని గుంజాలె, మెల్లగ.
నడుమ గుడ్డపేలిక జారితే సీదా గొంతులకే.
ఒకసారి పోయింది. దగ్గి దగ్గి కండ్లల్ల నీళ్లొచ్చినయి.
"నీకేం గాదులే సారమ్మా, నువ్వు వరి గాదు"
అని నవ్వింది నస్రీన్ మేడం.

రోగమొచ్చిన మొక్క మీద ఒక రాత్రి మేపుతం.
తెల్లారి లేత నారు మీద ఇడుస్తం,
మొలకకు రెండు పురుగులు, చిట్టీ మీద తారీకు.
అటెనుక ఎదురుచూసుడే.
పదిహేను దినాలకు ఆకు కొసన మొదలైతది
బత్తాయి తొక్కలెక్క ఒక గీత.

గా గీత నాకు ముందే ఎరుక.
పరకాల దిక్కు మా ఎకరంనర ఇట్లనే పండుబారితే
బలం తక్కువైందన్నడు మందుల దుకాణపాయన.
ఓదెలు రెండు బస్తాల యూరియా సల్లిండు,
జింకు గొట్టిండు.
ఎంత వోస్తే అంత గిడసబారింది,
ఎల్లీ ఎల్లని కంకుల నిండ తాలే.
గడ్డిని బర్రె సుత మూతి వెట్టి చూసి ఇడిసింది.
నేను ఈ కూలికి వచ్చిందే ఆ అప్పుకు.
ఈడికొచ్చినంక దాని పేరు తెలిసింది, టుంగ్రో అని.
గా రాత్రి ఓదెలుకు చెప్పిన.
ఏమనలే. పండుకున్నడనుకున్న గని, పండుకోలే.

పొద్దు వొడవకముందే ఆకు కొసలు కోసి
అయోడిన్ల నానవెడుతం.
నల్లగీత తేలిందా, అది పోయినట్టు.
తేలకుంటే ఇంకోసారి కొయ్యమంటది మేడం, మల్లొకసారి.
నమ్మదు.

ఈ వానకాలం రెండువందల పదహారు రకాలు వెడితే
రెండువందల పదకొండు పసుపు.
మిగిలిన ఐదిట్ల మూడింటి మీద
అసలు పురుగే కూసోలే.
"ఇయ్యాల కూసోలే. నాలుగు పంటలైతే
అదే అలవాటు వడుతది" అన్నది మేడం,
వాటి ముంగట పెన్సిలుతోని సున్న సుట్టింది.
ఇంకొకటి ఎలుక తిన్నది.

ఒక్కటి.
నూటనలభై మూడు.
పురుగు కూసున్నది, తాగింది, తన పని తాను జేసింది,
ఆకు ఆకే ఉన్నది.
చూస్తే ఏం లేదు దాంట్ల.
సన్నగ, పొడుగ్గ, గాలి తగుల్తె ఒరిగేటట్టు.
ఇత్తనం సంచిల చేయి వెట్టి చూసిన:
ఎర్రగ, మొద్దుగ, మీసాలు.
అంగట్ల వోస్తే కోడికి గూడ కొనరు.

"దీని గుణం సన్నాలల్లకు ఎక్కియ్యాలె" అన్నది మేడం.
ఎన్నొద్దులని అడిగిన.
"ఎనిమిదేండ్లు. తొమ్మిదనుకో."
దినకూలికి తొమ్మిదేండ్లు
ఏ వేలు మీద లెక్కవెట్టాలె?
ఊకున్న. కుండికి నీళ్లు వోసిన,
జర ఎక్కువనే వోసిన.

పరకాల బస్సుల కిటికీ పక్కపొంటి కూసున్న.
హసన్‌పర్తి దాటినంక చూసుకుంటే
నా కొంగు మీద ఒక పురుగు,
పచ్చగ, బియ్యపుగింజల సగం.
గూట్ల నుంచి వచ్చిందో,
దారిల ఎక్కిందో.
అలవాటుకొద్ది నోరు గొట్టం కోసం దేవులాడింది.
బయట రెండు దిక్కుల నిన్న మొన్న నాటేసిన మడులు,
నీళ్లల్ల ఇంకా నిలదొక్కుకోని నారు.

కిటికీ అద్దం గట్టిది, మా ఊరొచ్చేదాక ఎన్నడు కదలదు.
రెండు చేతులతోని గుంజి
మూసిన.