నోటితో చెయ్యండి

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో
చెంగల్రాయుడి షెడ్డుకు బోర్డు లేదు.
వేపకొమ్మకు వేలాడే బోడి టైరే గుర్తు.
జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీల నుంచి
మామిడిపళ్ల పులిసిన తీపి
గ్రీజు వాసన మీద ఈగలా వాలుతోంది.

పదకొండేళ్ల ఆల్టో. నాకంటే ముందు ఇద్దరిని చూసింది.
జీడీ నెల్లూరు బడికి పోయి రావడానికి కొన్నాను.
నాలుగు రోజులుగా ఒకటే అరుపు.
షెడ్డు ముందు ఆపగానే నోరు మూసుకుంది,
డాక్టరు గుమ్మం తొక్కగానే
జ్వరం జారిపోయిన పిల్లాడిలా.

"నన్ను చూస్తే సిగ్గు దానికి.
యెట్లా అరస్తా ఉండాదో
నోటితో చెయ్యండి మేడమ్."

టీ తాగుతున్న లారీ డ్రైవర్లు గ్లాసులు దించారు.
ముప్ఫై ఎనిమిది మంది పిల్లల ముందు
నక్కలా, రైలులా, చెరువుకప్పలా అరిచినదాన్ని
ఇక్కడ గొంతు పెగల్లేదు.
పెదవి తడుపుకుని, చివరికి,
"సుయ్‌య్‌య్..."

"పొద్దన్నే? స్టార్టు చేస్తానే?"
"అవును. పాలబూత్ దాటేసరికి పోతుంది."

"అది కాదు," మా ఆయన అడ్డొచ్చాడు.
"కీఁచ్... కీఁచ్... చక్రంతో పాటే తిరుగుతుంది.
బ్రేకు తొక్కితే ఊరుకుంటుంది."
"నాకెప్పుడూ వినపళ్లేదే?"
"నువ్వు వింటేగా."

ఆ చివరి 'గా' దగ్గర
నాలుగు రోజుల ఇల్లంతా
ఇరుసులో ఇసకలా గరగరమంది.

చెంగల్రాయుడు మా ముఖాలు చూళ్లేదు.
"ఎవురు యాడ కూసుంటారు?"
నేను స్టీరింగు దగ్గర. ఆయన ఎడమపక్క,
ఎండైనా వానైనా అద్దం దించుకుని.
"అట్లయితే ఇద్దురూ కరెక్టే.
బండ్లో రెండు గొంతులుండాయి."

బానెట్ ఎత్తాడు. ఏసీ వెయ్యమన్నాడు, లైట్లు వెయ్యమన్నాడు,
రేజు చెయ్యమన్నాడు.
సుయ్‌మంది, నాది.
మగ్గుతో నీళ్లు తెచ్చి, తిరిగే బెల్టు మీద
నాలుగు వేళ్లతో చిలకరించాడు.
అరుపు రెట్టింపైంది. లారీ డ్రైవరొకడు చెవులు మూసుకున్నాడు.
"నీళ్లకు తగ్గింటే వంకర. పెరిగిందంటే వదులు.
జారతా ఉండాది, అంతే."

తర్వాత ఎడమ చక్రం ఊడదీశాడు.
ప్యాడు బియ్యపు గింజంత మందం మిగిలింది.
దాని పక్కన చిన్న రేకు నాలిక,
డిస్కును గీకి గీకి తళతళలాడుతూ.
"దీన్ని అరవడానికే పెట్టినారు సార్.
ప్యాడు అయిపోతా ఉండాదని చెప్పేదానికి.
పాపం, దాని పని అది చేసింది."
మా ఆయన ఆ నాలికను గోటితో మీటాడు.
నా వైపు చూశాడు.
నేను బెల్టు వైపు చూశాను.

అన్నీ బిగించాక, చేతులు కడుక్కున్నాక,
ఎవరూ అడక్కుండానే
బారెడు స్క్రూడ్రైవరు పిడి చెవికానించి
కొసను ఇంజను పక్కన ఎక్కడో పెట్టాడు.
కళ్లు మూసుకున్నాడు.
చిన్నప్పుడు నా మణికట్టు విరిగితే
పుత్తూరులో తడిమి చూసిన పెద్దాయన ముఖం
అచ్చం ఇట్లాగే ఉండింది.
"ఏంటన్నా?"
"ఏం లేదులే."

క్యాలెండరు కాగితం వెనక బిల్లు రాసిచ్చాడు:
సుయ్ — 550
కీచ్ — 1400
గుర్ — ఇప్పుడొద్దు

గుర్ సంగతి మేమిద్దరం చెప్పలేదు.
మాకు తెలీదు కూడా.

మురకంబట్టు దారిలో
తోతాపురి ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉన్నాయి.
ఇన్నాళ్లకు బండి నీళ్లలో చేపలా పోతోంది.
నేనూ అద్దం దించాను.
"అదేనా?"
"కాదు, ట్రాక్టరు."

ఐదు వారాలైంది. బిల్లు డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.
నిన్న రైల్వే గేటు పడితే ఇంజను ఆపాను.
గూడ్సు బండి ఇంకా రాలేదు.
ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి,
పళ్ల మధ్య నుంచి
చేసి చూపించాడు.
"ఇట్లానా?"

"ఇంకొంచెం లావుగా," అన్నాను.