రెండు పేర్లు

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగేసరికి
భుజాన బ్యాగు తేలిక.
ల్యాప్‌టాప్ పోయిందే నూకరత్నం,
నాకు నేనే చెప్పుకున్నాను, పైకే.

ఫిషింగ్ హార్బర్‌లో డీజిల్ కాజేసిన లెక్కలు,
నమ్మి చెప్పిన పదకొండు మంది పేర్లు
అందులోనే.

పైడిరాజు ఒకటే అడిగాడు:
"పూర్తిగా ఆపేశావా, మూత మాత్రం మూశావా?"
ఆపేశాను.
"అయితే దొంగకి దొరికింది ఇనుము.
డిస్కు ఊడదీసి ఇంకోదానికి తగిలించినా
ఒక్క అక్షరం పలకదు.
కునుకులో ఉంటేనే భయం,
తాళంచెవి ఇంకా దాని గుప్పిట్లోనే ఉంటుంది."

ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

నాలుగో రోజు ఎల్లాజీ పడవకి
ఎవరూ ఐసు అమ్మలేదు.
ఐదో రోజు గురుమూర్తి వల
నిలువునా కోసేసి ఉంది.
తక్కిన తొమ్మిది మంది జోలికి ఎవరూ పోలేదు.

డిస్కు నోరు విప్పలేదు, ఒట్టేసి చెబుతాను.
మరి?

జాలరిపేట మలుపులో టీ బల్ల.
దొంగతనానికి వారం ముందు.
ఎండకి తెర కనపడక వెలుగు పెంచుకుని
టైపు చేస్తున్నాను, అప్పటికి రెండే పేర్లు.
వెనక ఒకాయన మిరపకాయ బజ్జీ
సగం కొరికి, నమలడం ఆపాడు.
కారం అనుకున్నాను.

నేను తాళం వేసింది ఆరిపోయిన పెట్టెకి.
మేలుకున్నాక అదీ నాలాంటిదే,
ఎదురుగా ఎవరున్నా చెప్పేస్తుంది.

అప్పు చేసి కొత్తది కొన్నాను.
గోడకి వీపు ఆనించి కూర్చుంటున్నాను.

ఎల్లాజీ ఇంటికి
ఇంకా వెళ్లలేదు.