ఆరు నిమిషాలు

డులూత్‌లో పొద్దున్న తొమ్మిది.
ఇలోయిలో ఊళ్లో రాత్రి పదకొండు.
హెడ్‌సెట్ తగిలించుకోగానే
లుజ్విమిందా, లూసీ అయిపోతుంది.

తెర మూలన డులూత్ వాతావరణం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.
"మీ వైపూ మంచు పడుతోందా అమ్మాయ్?" అని
ఎవరో ఒకరు అడక్కుండా ఉండరు.
"మోకాలి లోతు" అంటుంది,
చెమటకి మెడకంటుకున్న జుట్టు ఎత్తి ముడేసుకుంటూ.
ఆమె జన్మలో చూసిన మంచల్లా
చేపల మార్కెట్లో గంపల కింద కరిగేదే.

పది నిమిషాలకోసారి
కంప్యూటరే తెరని ఫొటో తీసుకుంటుంది.
ఆ ఫొటోల లెక్కనే జీతం, గంటకి ఆరు డాలర్లు.
ఫొటో చెరిపేస్తే ఆ డబ్బులూ చెరిగిపోతాయి.
శుక్రవారం వేస్తారు.
డాలరు పెసోగా మారే దారిలో
ఎవరెవరో తలా చిటికెడు తీసుకుంటారు.

హాల్వర్సన్ గారు మంచివాడే.
డిసెంబర్లో పదమూడో నెల జీతం
అడక్కుండానే ఇచ్చాడు.
తుపాను రోజు "జాగ్రత్త" అని మెసేజ్ పెట్టాడు,
ఆ వెనకే "విడాకుల ఫైలు ఎంతవరకొచ్చింది?" అని.

నెలాఖరున బిల్లులు కట్టేదీ ఆమే.
లాయర్ల గడియారంలో గంటకి పది ముక్కలు,
ముక్కకి ఆరు నిమిషాలు.
'పత్రాల పరిశీలన, నాలుగు ముక్కలు.'
ఆ పత్రాలు చదివింది తనే,
పక్కగదిలో తమ్ముడి గురక వింటూ.
ముక్క పన్నెండు డాలర్లు.
అంటే తన రెండు గంటలు.
కోపం రావలసిన చోట
నవ్వులాంటిదేదో వచ్చి పోయింది.

తర్వాతి బిల్లు ఐలీ కోస్కెలాది.
వీలునామా కోసం ఫోన్ చేసి
వీలునామా ఊసే ఎత్తని ముసలామె.
గుమ్మం పక్కన ఇంకా ఉన్న మొగుడి బూట్లు,
వాటి మీద ఎండిన ఉప్పు మరకలు,
తుడవాలా వద్దా అని
నలభై రెండు నిమిషాలు.
ఏడు ముక్కలు. ఎనభై నాలుగు డాలర్లు.

లుజ్విమిందా వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.
బయట మొదటి జీప్నీ హారన్.
బిల్లులో ఆ వరస తీసేసింది.
వరస తీసేశాక ఫొటోలుంటే దొరికిపోతుంది,
వాటినీ ఒక్కొక్కటే చెరిపింది.
తన వంతు, నాలుగు డాలర్ల ఇరవై సెంట్లు.

సోమవారం హాల్వర్సన్ అడిగాడు:
"గురువారం ఆ నలభై రెండు నిమిషాలు ఎక్కడున్నావు?"

'మంచులో చిక్కుకున్నాను' అని కొట్టి,
చూసుకుని, తుడిపేసి,
'కరెంటు పోయింది సర్' అని పంపింది.