నాలుగు గింజలు

ఆరు నెలలు తిరిగాను ఆ డ్రమ్ము చుట్టూ,
గాజు మీద గాజు, మధ్యలో గరుకు పొడి.
పగలు పాలిష్ ఫ్యాక్టరీలో నాపరాళ్ళు,
రాత్రి ఇంట్లో ఈ ఆరంగుళాల అద్దం.
"కూలి ఇయ్యని రాయిని అరగదీస్తాండావు"
అనేది మాబున్ని.

ఇవాళ గొట్టం ఎత్తి పెరట్లో నిలబెట్టాను,
చీనీ పెట్టెల చెక్కల మీద.
వీధి దీపానికి గోనెపట్టా కట్టింది తనే,
లైన్‌మన్ తిడతాడని నవ్వుతూనే.

పెన్న వైపు నుంచి చలి.
గొర్రుకొయ్యలు నడినెత్తికొచ్చాయి.
కొయ్యల కింద వేలాడే మూడు చుక్కల్లో
నడిమిది చుక్క కాదట.

మొదట ఏమీ లేదు.
నా రెప్పవెంట్రుకలు, నా ఊపిరి ఆవిరి.
తర్వాత పొగలా ఒకటి.
పొగ కూడా కాదు,
ఫ్యాక్టరీ కాలవలో తెల్లబురద
ఎండి గాలికి లేచినట్టు.
పటాల్లోని గులాబీ లేదు, ఊదా లేదు.
నేరుగా చూస్తే చెదిరిపోతుంది,
పక్కకి చూస్తే నిలబడుతుంది.
అప్పిచ్చినోడు సంతలో ఎదురైతే
మేం చూసే చూపు అది.

జేజిని లేపాను.
ఒక కంటికి శుక్లం తీయించాం,
రెండో కంటికి డబ్బు కూడలేదు.
నాపరాయి మీద ఎక్కించి భుజం పట్టుకున్నాను.
"ఓరగా చూడు జేజీ, చూడనట్టు చూడు."
"మీ జేజినాయన్ను పెండ్లినాడు అట్లనే చూసినా."
ఆ తర్వాత చాలాసేపు మాట లేదు.

ఊరూరా పరుపులు కుట్టిన మనిషి.
విల్లు నారి మోగే గదిలో
దూది జుట్టులో, గొంతులో, అన్నంలో.
జేజినాయన దగ్గి దగ్గి పోయింది
ఆ మెత్తదనంతోనే.
నా దగ్గు రాతిది.

చివరికి గాలిలోకి చెయ్యి చాచి
వేళ్ళు నలుపుకుంది:
"బాగనే ఏకినాడు. ఎవడో గానీ
పని తెలిసినోడే.
నడుమ నాలుగు గింజలు ఇడిసిపెట్టినాడు, చూడు."

మళ్ళీ చూశాను.
నాలుగు. సన్నగా, పదునుగా, ఒకదాన్నొకటి ఆనుకుని.
ఇందాక నేను లెక్కపెట్టనేలేదు.

అవి గింజలే అని చెప్పాలనుకున్నాను,
ఆ దూదిలోనే చుక్కలు మొలుస్తాయని,
ఆ వెలుగు బయల్దేరిన నాటికి
తాడిపత్రికి పేరే లేదేమోనని.
జేజి అప్పటికే రాయి దిగి
చెంగు చెవుల మీదికి లాక్కుంటోంది:
"పండుకుంటే ఈపుకు పొడుచుకుంటాయిరా,
పొద్దున్నే ఏరేయమను."

మాబున్ని నవ్వింది. నాకు దగ్గొచ్చింది.
గొట్టం ఊగింది,
నాలుగూ పక్కకి జారిపోయాయి.
మళ్ళీ వెతుక్కోవాలి.