దీపం తండ్రి పేరు

నేను దుబాసీని.
రుసింగా దీవికి ఎదురొడ్డున, రేకుల కప్పు కోర్టులో,
రెండు భాషల మధ్య బల్లకట్టులా తిరుగుతుంటాను.
అటు మాట ఇటు దించుతాను, ఇటు మాట అటు.
నాకంటూ ఒక మాట ఉండకూడదని
కొలువులో చేరిన రోజే ప్రమాణం చేయించారు.

ఆ మంగళవారం బల్ల మీద
వస్తు సాక్ష్యం మూడు: ఒక సౌరదీపం.
గుమ్మడికాయంత. పసుపుపచ్చ ప్లాస్టిక్ ఒళ్ళు,
కడుపులో సిమ్ కార్డు,
సందుల్లో ఇంకా ఎండిన ఒమేనా పొలుసులు.
ఒమేనా అంటే వేలెడంత చేప.
అమావాస్య రాత్రి సరస్సు నడుమ దీపం పెడితే
పెళ్ళికి పిలిచినట్టు తరలి వస్తుంది.

పక్కన ఒప్పందం. ఇరవై రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు.
చివర, ఫోను తెర మీద రిస్పా అదోయో
బొటనవేలు నొక్కిన గుర్తు.

"ఈ దీపానికి యజమాని ఎవరు?" న్యాయమూర్తి అడిగాడు.
మా లువో భాషలో యజమానికీ తండ్రికీ ఒకటే మాట.
ఇంకోటి వెతికాను. దొరకలేదు.
"ఈ దీపానికి తండ్రెవరు?" అన్నాను.
రిస్పా నవ్వింది.
"తల్లి ఎదురుగా నిలబడి ఉంటే
తండ్రి కోసం వెతుకులాట దేనికి?"
నేను దాన్ని "నేనే" అని దించేశాను.
దారిలో ఆమె నవ్వు నీళ్ళలో పడిపోయింది.

నైరోబీ నుంచి, గోడ మీది తెరలో, కంపెనీ వకీలు:
"అయ్యా, ఆమె వాడకందారు మాత్రమే.
ఆఖరి వాయిదా చెల్లేదాకా వెలుగు మాది.
పద్నాలుగో షరతు చిత్తగించండి."
పద్నాలుగో షరతును మోసుకొచ్చి ఆమె ముందు దించేసరికి
నా నాలుక వంగిపోయింది.

అప్పుడు ఆమె చెప్పింది.
"ఈ ఒడ్డున ఆడది చేప కొనాలంటే డబ్బొక్కటే చాలదు.
పడవవాడి గుడిసెకి పోవాలి.
ఆ లెక్క ఏ రసీదులోనూ ఉండదు.
అందుకే వాయిదాల మీద మూడు దీపాలు తెచ్చాను.
దీపం నాది గనక చేప నాది.
పడవవాడే నా గుమ్మం ముందుకొచ్చి
టోపీ తీసి నిలబడేవాడు.

ఆ రాత్రి ఎనిమిదింటికే డబ్బు పంపాను.
గాలివానకి టవరు కూలింది.
నా డబ్బు వెళ్ళింది, దీపాలకి కబురు అందలేదు.
రెండింటికి, వల సగం దిగాక,
మూడూ ఒక్కసారే కళ్ళు మూశాయి.
నలుగురు మగాళ్ళు ఆ చీకట్లో
ఒకరి పేరొకరు పిలుచుకుంటూ తెడ్లు వేశారట.
తెల్లారి ఖాళీ గంపతో నిలబడ్డాను.
ఒగుతు పడవ దిగుతూ అన్నాడు:
పాత ధర గుర్తుందా?"

"పాత ధర అంటే ఎన్ని షిల్లింగులు?"
గుమాస్తా కలం ఎత్తి అడిగాడు.
నేను నోరు విప్పలేదు.
ఆ గడి ఖాళీగానే ఉంది ఈనాటికీ.

అంతలో తెర బిగుసుకుపోయింది.
వకీలు నోరు సగం తెరిచి, చెయ్యి గాల్లో పెట్టి.
"పాపం, నెట్‌వర్కు పోయింది. ఆయన తప్పా?
ఆగుదాం," అన్నాడు న్యాయమూర్తి.
ఆగాం. ఇరవై నిమిషాలు.
ఆ ఇరవై నిమిషాలూ రిస్పా
తెరనే చూస్తూ కూర్చుంది, రెప్ప వెయ్యకుండా.

తెర కదిలింది.
అదే క్షణాన బల్ల మీద
వస్తు సాక్ష్యం మూడు భగ్గున వెలిగింది.
"సద్భావంతో మా వాళ్ళు తాళం తీశారు.
మిగిలిన రెండూ వెలుగుతాయి.
ఇక వివాదమే లేదు కదా," వకీలు చెయ్యి కిందికి దిగింది.
మిట్టమధ్యాహ్నం. కిటికీ నిండా ఎండ.
ఆ ఎండలో దీపం కళ తప్పిన ముఖంలా ఉంది.

రిస్పా లేచింది. ఎవరినీ అడగలేదు.
బల్ల దాకా నడిచి, బొటనవేలితో నొక్కి
దాన్ని ఆర్పేసింది.
తిరిగొచ్చి కూర్చుంది.

"ఆవిడ ఏమంటోంది?"
న్యాయమూర్తి నా వైపు తిరిగాడు.

అయ్యా, నేను మాటల దుబాసీని.