ఛార్జి లిస్టు

టైపు చేసింది నేనే.
తాళాలు పద్నాలుగు, వాల్వు స్పానరు ఒకటి,
టార్చిలైటు ఒకటి (వెలగదు),
గమ్ బూట్లు ఒక జత, ఎడమదానికి చిల్లు.
ఇచ్చినవారు: డి. కాశీంపీరా, వాల్వ్ ఆపరేటరు.
పుచ్చుకున్నవారు: బి. ఉరుకుందు, ఔట్‌సోర్సింగు.
రెండు సంతకాలు, ఒక స్టాంపు,
శాలువా, దండ, అందరికీ ఉగ్గాని బజ్జీ.
ముప్పైనాలుగేళ్ళ ఆదోని నీళ్ళు
ఒక్క పేజీలో పట్టినాయి.
అడుగున కాస్త ఖాళీ కూడా మిగిలింది.

ఏప్రిల్ వచ్చింది.
కొండ కింది వీధులకు తొమ్మిదో రోజూ నీళ్ళు లేవు.
ట్యాంకులో ఉన్నాయి. పైపులో ఉన్నాయి.
కుళాయిలో మాత్రం గాలి ఈల వేస్తోంది.
ఏఈ మేడం గోడమీది మ్యాపులో
నీలం గీత వెంట వేలు పోనిచ్చింది.
గీత ప్రకారం తవ్వితే
రోడ్డు కింద ఇంకో రోడ్డు దొరికింది.
ఆఫీసు గేటు ముందు ఖాళీ బిందెలు
మా ఫైళ్ళకంటే వరసగా నిలబడినాయి.

పదో రోజు కాశీంపీరాను పిలిపించినారు.
కుర్చీ వేసి, టీ తెప్పించి, మ్యాపు పరిచి
చెప్పమన్నారు.
ఆయన టీ తాగినాడు.
మ్యాపును అటు తిప్పి, ఇటు తిప్పి
"ఇది ఏ ఊరు మేడం?" అన్నాడు.
వెటకారం కాదు, నిజంగానే అడిగినాడు.
"కూసోబెడితే గ్యాపకం రాదమ్మా.
నడిస్తే వస్తాది."

తెల్లారుజాము నాలుగు.
ముందు ఆయన, వెనక ఉరుకుందు,
ఫోను వెలుగులో నోటుబుక్కుతో నేను.
జిన్నింగు మిల్లు గోడ మలుపు నుంచి పదకొండు అడుగులు
("నా అడుగులు, నీవి కాదు"),
కూరగాయల బండి జరిపితే మూత.
"ఇది ఎడమకు తిప్పితే మూసుకుంటాది.
కడమయన్నీ కుడికి.
కరువు సాల్లో పైపు పగిల్నప్పుడు
అర్ధరాత్రి తలకిందులు బిగిస్తిమి.
పొద్దున సరిచేద్దామనుకుంటిమి."
ఇరవై రెండేళ్ళయింది ఆ పొద్దునకు.

ఉరుకుందు స్పానరు వేసినాడు.
ఆరున్నరకు ఎవరో ఫోను చేసి, వచ్చినాయన్నారు.
మేము అప్పటికి ఇంకో వీధిలో ఉన్నాం.
"ఈడ మూడు సుట్లు. నాలుగోది తిప్పినావో
మసీదు ఎనక సాబిరమ్మ ఇంటి గోడ నెమ్ము పడ్తాది.
ఆయమ్మ ఊరుకోదు."
మూడు చుట్లు అని రాసి, పక్కన సాబిరమ్మ అనీ రాసినాను.

ఒకచోట ఇనుప కడ్డీ వాల్వు మీద నిలబెట్టి
చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
"పోతాండాయి" అన్నాడు.
ఉరుకుందు విన్నాడు. ఏమీ లేదన్నాడు.
నేను విన్నాను.
నా నెత్తురు చప్పుడే వినిపించింది.
దీన్ని ఏ గడిలో రాయాలి?
"మొదటి రెండేండ్లు నాకూ ఇనపడలేదులే"
అని వాడి భుజం తట్టినాడు.
వాడి కాంట్రాక్టు పదకొండు నెలలు.

ఎండ ముదిరినాక, పత్తి యార్డు గేటు పక్కన
ఆఖరి మూత ఎత్తినాడు.
లోపల వాల్వు నిగనిగలాడుతోంది,
ఒక్క చుక్క తుప్పు లేదు.
ఇది ఏ వీధికి పీరన్నా?
"తెలీదు."
తెలీదా?
"నాకు ముందు సంజప్ప ఉన్న్యాడు.
దీన్ని తిప్పగాకు, గ్రీజు మాత్రం పెడ్తాండు అన్న్యాడు.
పెడ్తా వచ్చినా."
ఎందుకని అడగలేదా?
"అడుగుదామనుకుంటి. ఆయప్పకు పచ్చవాతం వచ్చె."

వాల్వు నంబరు ముప్పై ఒకటి.
తిప్పకూడదు. నెలకోసారి గ్రీజు.
కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
పత్తి లారీ ఒకటి మమ్మల్ని దాటి పోయింది,
దూది పింజలు నోటుబుక్కు మీద వాలినాయి.
సంజప్పకు తెలుసు, అని రాసినాను.

తలెత్తి చూస్తే
ఉరుకుందు అప్పటికే గుంత అంచున బోర్లా పడుకుని
గ్రీజు డబ్బా మూత పళ్ళతో లాగుతున్నాడు.