నల్ల పట్టీ

చిత్తూరు కోర్టుకెదురుగా
మునిరత్నం జిరాక్సు అంగట్లో నాది మూడో కుర్చీ.
అఫిడవిట్లు, అడంగళ్ళు, బెయిలు పిటిషన్లు.
పేజీకి ముప్పై రూపాయలు, తప్పులు ఉచితం.

మామిడికాయల సీజన్లో ఒకనాడు
చెంగల్రాయులు లాయరు గుమాస్తా వచ్చి
"దీంట్లో ఆ పిల్ల పేరు కనపడగూడదు" అన్యాడు.
పల్ప్ ఫ్యాక్టరీలో రోజుకూలి.
సూపర్‌వైజరు మీద కంప్లయింటు.
పేరు పదకొండు చోట్ల ఉంది.
పదకొండు చోట్లా నల్లపట్టీ గీసినా,
పీడీఎఫ్ చేసి పంపించినా.
ప్రింటు తీసి ఎండకు పట్టుకుని చూసినా గూడా.
ఒక్క పొల్లు కనపడలే.

నాకు తెలిసిన చెరపడం కాగితం నేర్పింది.
సిరా పోస్తే కిందది చచ్చిపోతుంది.
ఫైల్లో అట్లా కాదంట.
పట్టీ ఒక దుప్పటి,
కింద అక్షరం కళ్ళు తెరుచుకునే పడుకోనుంటుంది.

ఎవడో పనిలేనోడు
పట్టీ మీద మౌసు ఈడ్చి, కాపీ కొట్టి,
వాట్సాప్‌లో పేస్టు చేసినాడు.
అంతే.
తాళం పగలగొట్టలేదు, కన్నం వెయ్యలేదు.
ఇంటిపేరుతో సహా లేచొచ్చింది.
సాయంత్రానికి గుడిపాల చేరింది.
పొద్దన ఆ పిల్ల ఎక్కే షేర్ ఆటోలో
పక్కన కూర్చునేవాళ్ళు
కాస్త జరిగి కూర్చున్యారంట.

"మనకేం తెలుసబ్బా, చెప్పిన పని చేసినాం"
అన్యాడు మునిరత్నం.
నిజమే.
రాత్రి షట్టరు సగం దించి
నేనే ఆ ఫైలు తెరిచినా.
పట్టీ మీద ఈడిస్తే నీలంగా మెరిసింది.
ఇంకా లోపల, ప్రాపర్టీస్ అనే మూలన
తయారుచేసినవారు: నా పేరు.
మధ్యాహ్నం రెండూ పన్నెండు.
అన్నం క్యారియరు ఎదురుగా పెట్టుకుని
తొందరగా ముగించిన పని అది.
దానిమీద ఏ పట్టీ లేదు.

ఇప్పుడు అట్లాంటి పనొస్తే
పేరు పూర్తిగా తుడిచేసి, చుక్కలు పెట్టి,
ప్రింటు తీసి, మళ్ళీ స్కాన్ చేసిస్తా.
"ఇంతసేపా?" అని గుమాస్తాలు విసుక్కుంటారు.
కానీలే.

నిన్న ఒకామె ఆధార్ జిరాక్సుకు వచ్చింది.
ముఖం నేనెప్పుడూ చూడలేదు,
కార్డు మీద పేరు చూసి గుర్తుపట్టినా.
గబుక్కున అద్దం మీద బోర్లా పెట్టి మూత వేసినా.
కింద వెలుతురు అటునుంచి ఇటు పోయింది.
రెండు కాపీలు.
ఆరు రూపాయలు చిల్లర ఇచ్చింది.
వద్దంటే ఎందుకని అడుగుతుందేమోనని
లెక్కపెట్టి తీసుకున్యా.